ఈస్టర్ మూడు రోజులు: చిన్న పిల్లలతో ఏది ఉంచాలి, ఏది వదలాలి

మీరు రాసింది ఇదీ: మూడేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. శనివారం సమాధుల తోటలో (శ్మశానంలో) పని. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు సూర్యోదయ ఆరాధన, తొమ్మిదికి పెద్ద ఆరాధన, ఆపైన ఇంటినిండా చుట్టాలు. ఇంత హడావుడిలోనూ గుడ్లకు రంగులు వేయించాలని, వెతికే ఆట ఆడించాలని ఉంది. పోయినేడు ఆదివారం పదింటికల్లా ఇద్దరూ ఏడుపందుకున్నారు, ఈసారి ఏం చేయాలి అని.

అది పిల్లల మొండితనం కాదండీ, నిద్ర చాలక వచ్చిన ఏడుపు. ఆ వయసు పిల్లలకు రాత్రి పది గంటల నిద్ర కావాలి. శనివారం పదిన్నరకు పడుకోబెట్టి మూడున్నరకు లేపితే దక్కేది అయిదు గంటలు. దానిమీద కొత్త ఫ్రాకు, ఎండ, బిర్యానీ, పాతికమంది చుట్టాలు. పెద్దవాళ్ళమైనా ఏడుస్తాం. కాబట్టి ఆదివారాన్ని సరిచేయాలంటే పట్టుకోవాల్సింది శనివారాన్ని. శనివారం సాయంత్రం ఏడింటికల్లా అన్ని పనులూ ముగిసి, ఏడున్నరకు అన్నం, ఎనిమిదికి పడక. మిగతా ఏర్పాట్లన్నీ దీని చుట్టూ తిప్పుకోండి.

రెండో మాట: ఆదివారం రెండు ఆరాధనల్లో ఒకటే ఎంచుకోండి. చిన్నపిల్లలున్న ఇంటికి నా ఓటు తెల్లవారుజాముదానికే. చీకట్లో కొవ్వొత్తులు, పాటలు, కళ్ళముందే తెల్లవారడం, ఇవన్నీ పిల్లలకు కంటికి కనిపించే సంగతులు. తొమ్మిదింటి ఆరాధనలో గంటసేపు ప్రసంగం వాళ్ళకు ఎక్కదు. వేకువన వెళ్ళొచ్చి ఏడున్నరకు టిఫిను పెట్టి, ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా నిద్రపుచ్చండి. భార్యాభర్తల్లో ఒకరు పెద్ద ఆరాధనకు వెళ్తే సంఘంలో లోటుగా ఉండదు. అత్తగారో మామగారో నొచ్చుకుంటారనుకుంటే ముందు వారమే చెప్పేయండి. ఆ ఉదయం చెబితే అది గొడవ అవుతుంది.

ఇక ఒక్కో రోజూ చూద్దాం.

పని మొదలయ్యేది నిజానికి మట్టలాదివారం (ఈస్టర్‌కు ముందటి ఆదివారం) నాడు, పళ్ళెంలో పిల్లల చేత వేయించే చిన్న ఈస్టర్ తోటతో. ఒక వెడల్పాటి ప్లాస్టిక్ పళ్ళెమో పాత తాంబాళమో తీసుకుని మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన మట్టి పరచండి. మట్టి రెండుపాళ్ళు, కొబ్బరిపీచు పొడి ఒకపాలు కలిపితే తడి నిలుస్తుంది. ఒక మూలన చిన్న మట్టిముంతను పక్కకు పడుకోబెట్టి పైన మట్టితో గుట్టలా కప్పండి. అదే సమాధి. మూతికి సరిపడా చదునైన రాయి ఒకటి పిల్లల చేతనే వెతికించండి. మిగతా చోట మెంతులు చల్లాలి. రాత్రంతా నానబెట్టినవైతే మన ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లో మొలకెత్తి, ఈస్టర్ నాటికి వేలెడంత పచ్చగా లేస్తాయి. ఆవాలకు ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుంది.

ఈ తోట పాడయ్యేది మూడు కారణాలతో. పిల్లలు గ్లాసుతో నీళ్ళు గుమ్మరిస్తే గింజ కుళ్ళి బూజు పడుతుంది, అందుకని చేతికి పిచికారీ సీసా ఇవ్వండి, పొద్దున నాలుగుసార్లు, సాయంత్రం నాలుగుసార్లు నొక్కితే చాలు. నేరుగా ఎండలో పెడితే మధ్యాహ్నానికే మొలక వడలిపోతుంది, కిటికీ దగ్గర వెలుతురున్న నీడలో ఉంచండి. మూడోది చీమలు. పళ్ళేన్ని నీళ్ళు పోసిన ఇంకో పెద్ద పళ్ళెంలో పెడితే వాటి బెడద తీరుతుంది.

శుక్రవారం సాయంత్రం చిన్న పుల్లకు తెల్లగుడ్డ చుట్టి ముంతలో పెట్టించి రాయి మూయించండి. శనివారం ముట్టుకోకూడదు. ఆదివారం పిల్లలు లేవకముందే రాయి పక్కకు జరిపి, పుల్ల తీసేసి, గుడ్డ మాత్రం మడతపెట్టి లోపల ఉంచండి. తలకు చుట్టిన గుడ్డ వేరుగా చుట్టిపెట్టి ఉందని యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది కదా, ఆరేళ్ళవాడికి అదొక్కటి చూపిస్తే చాలు, మిగతా కథ వాడే అడుగుతాడు. పేతురు, ఇంకో శిష్యుడు సమాధి దాకా పరుగెత్తిన సంగతీ అక్కడే ఉంది. ఎవరు ముందు చేరారన్నది ఆ వయసు పిల్లలకు చాలా ముఖ్యం. (పేతురు కాదు.)

శుభ శుక్రవారం. ఏడు మాటలు, ఏడు ప్రసంగాలు, మధ్యలో కీర్తనలు, మొత్తం మూడు గంటలు. మూడేళ్ళ పిల్ల ఇరవై నిమిషాలకు మించి కుదురుగా కూర్చోదు, కూర్చోవాలని అనుకోవడమూ తప్పే. మొదటి మాట నుంచి మూడో మాట దాకా ఉండి వచ్చేయండి. మొదటిది క్షమించడం గురించి, మూడోది తల్లిని శిష్యుడికి అప్పగించడం గురించి. రెండూ పిల్లలకు అర్థమయ్యేవే. నాలుగో మాట, దేవుడు చెయ్యి విడిచాడన్న వేదన, పెద్దవాళ్ళకే బరువు. గుమ్మం దగ్గరి వరుసలో కూర్చుంటే మధ్యలో లేచి వచ్చినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఎండ సమయం కాబట్టి పదకొండుకే పెరుగన్నం పెట్టి తీసుకెళ్ళండి, సంచిలో నీళ్ళసీసా, మజ్జిగ ఉండాలి.

పిల్లల చేత ఉపవాసం చేయించకండి. కతోలిక సంఘ నియమంలోనే ఉపవాసం 18 ఏళ్ళు నిండినవాళ్ళకు, మాంసం మానడం 14 ఏళ్ళు నిండినవాళ్ళకు. మిగతా సంఘాల్లో అది ఎవరిష్టం వాళ్ళది. పెద్దాడు తనూ ఏదైనా మానేస్తానంటే ఆ రోజుకు చాక్లెట్టో టీవీనో మానమనండి, అన్నం మాత్రం కాదు.

ఏం చెప్పాలి అన్నది అసలు ప్రశ్న. మూడేళ్ళ పాపకు కథను శుక్రవారం దగ్గర ఆపకండి. "యేసయ్య చనిపోయాడు, వాళ్ళమ్మ ఏడ్చింది, ఆదివారం మళ్ళీ లేచాడు" అని మూడు ముక్కలూ ఒకే ఊపిరిలో చెప్పాలి. ఆ వయసుకు రెండు రోజులు ఆగి ముగింపు వినడం కుదరదు, సగం కథ భయంగా మిగిలిపోతుంది. ఆరేళ్ళవాడు మాత్రం ఆదివారం దాకా ఆగగలడు, ఆగితేనే వాడికి ఆ తోటలో రాయి పక్కకు జరగడం పండుగ అవుతుంది. మేకులు, రక్తం, కొరడాల వర్ణన ఇద్దరికీ వద్దు. ఆ రోజు టీవీలో వచ్చే సిలువ సినిమాలూ వద్దు, పక్కగదిలో ఆడుతున్నా శబ్దం వింటారు. "నువ్వు అల్లరి చేశావు కాబట్టే యేసయ్యను సిలువ వేశారు" అనే మాట కొన్ని ఇళ్ళలో అల్లరి మాన్పించడానికి వాడతారు. అది వద్దే వద్దు. మూడేళ్ళ పిల్ల దాన్ని అక్షరాలా నమ్ముతుంది.

బాబు ఒక లెక్క అడుగుతాడు: శుక్రవారం నుంచి ఆదివారానికి రెండు రోజులే కదా, మూడో రోజు ఎలా అయింది? యూదుల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, రోజులో కొంత భాగమైనా ఒక రోజుగానే లెక్క. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. వేళ్ళమీద చూపించండి.

శనివారం పొద్దున గుడ్లు. మనకు దొరికే ఫారం గుడ్లు తెల్లవి కాబట్టి రంగు బాగా పడుతుంది, నాటుకోడి గుడ్ల గోధుమ పెంకు మీద ముదురు రంగులే తేలుతాయి. ఆ రోజు పెట్టిన తాజా గుడ్డు ఉడికాక పెంకు అంటుకుపోయి తెల్లసొన ఊడొస్తుంది, వారం క్రితంవైతే శుభ్రంగా వలుస్తాయి. కాబట్టి సోమవారమే కొని ఫ్రిజ్‌లో పెట్టండి. ఉడికించే ముందు అరగంట బయట ఉంచండి, చల్లటి గుడ్డును మరుగుతున్న నీళ్ళలో వేస్తే పగులుతుంది. పెంకుకు నూనె చేతులు తగిలితే అక్కడ రంగు పట్టదు, ముందుగా వెనిగర్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి.

ఎర్ర రంగుకు ఉల్లిపొట్టును మించింది లేదు. పన్నెండు ఉల్లిపాయల పైపొట్టు, అంటే రెండు పెద్ద గుప్పెళ్ళు, లీటరు నీళ్ళలో అరగంట మరిగించి వడకట్టండి. చల్లారాక రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలిపి, ఆరు గుడ్లు వేసి, మరుగు పట్టాక పది నిమిషాలు ఉడికించండి. ఇటుక రంగు వస్తుంది. అదే నీళ్ళలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ముదురుతుంది. పసుపు రంగుకు లీటరు నీళ్ళకు మూడు చెంచాల పసుపు, అంతే వెనిగర్. నీలం కావాలంటే ఊదా క్యాబేజీ సగం తరిగి మరిగించాలి, అందులో ఉడికించిన గుడ్లను రాత్రంతా ఫ్రిజ్‌లోనే నానబెట్టాలి. బీట్‌రూట్ చూడ్డానికి ఊరిస్తుంది కానీ గుడ్డుమీద ఆరాక మట్టిరంగులోకి దిగిపోతుంది, దాన్ని కూరకే ఉంచండి. పెంకు సున్నపు పదార్థం, వెనిగర్‌లోని పులుపు దాని పైపొరను కాస్త తినేస్తే రంగు పట్టుకుంటుంది. ఎక్కువ పోస్తే బుడగలు లేచి మచ్చలు మచ్చలుగా అవుతుంది. హోలీ రంగులు, ముగ్గుపొడి రంగులు దగ్గరికి రానివ్వకండి. తినే రంగులైతే పర్వాలేదు.

ఆరేళ్ళవాడికి ఇంకో పని ఇవ్వొచ్చు. పచ్చి గుడ్డుమీద తడిపిన కొత్తిమీర ఆకును, ఈనెలున్న వైపు పెంకుకు తగిలేలా అద్ది, పాత నైలాన్ సాక్సు ముక్కలో బిగించి వెనక దారంతో ముడి వేయాలి. ఉల్లిపొట్టు నీళ్ళలో ఉడికించి, చల్లారాక విప్పితే ఎర్రటి గుడ్డుమీద తెల్లటి ఆకు. ముడి వదులైతే రంగు ఆకు కిందికి జారి అలుక్కుపోతుంది. ముడి మీరే వేయండి, ఆకు వాడు అద్దుతాడు. పాపకు ఉడికి చల్లారిన గుడ్డు, నాలుగు మైనపు రంగుపెన్సిళ్ళు ఇస్తే చాలు. మైనం గీసినచోట రంగు పట్టదు, తర్వాత పసుపునీళ్ళలో ముంచినప్పుడు తన గీతలు తేలడం చూసి మళ్ళీ మళ్ళీ ముంచుతుంది. చాప, పాత చొక్కా సిద్ధంగా ఉంచుకోండి, పసుపు మరక పోదు.

గుడ్డే ఎందుకు అంటే, పాతకాలపు సంఘాల్లో లెంట్ (ఈస్టర్ ముందటి ఉపవాస కాలం) నలభై రోజులు గుడ్లు కూడా నిషేధం, కోళ్ళు మాత్రం పెట్టడం ఆపవు కదా, పోగైనవన్నీ పండుగనాడు తినేవారు. తూర్పు సంఘాలవాళ్ళు వాటికి ఎరుపు వేస్తారు. కుందేలు జర్మనీ ప్రాంతాల నుంచి వచ్చిన ఆచారం, మనింట్లో లేకపోయినా లోటు లేదు.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు. ఉడికించిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక్క గంటే. ఈస్టర్ మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. ఎప్పుడొచ్చినా మన దగ్గర ఎండే. కాబట్టి రంగు గుడ్లు ఫ్రిజ్‌లోనే ఉండాలి, చెట్లకింద దాచడానికి పనికిరావు. దాచేవి ప్లాస్టిక్ గుడ్లు, లేదంటే రంగు కాగితం గుడ్డు ఆకారంలో కత్తిరించి మడిచినవి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో చల్లటి వసంతంలో ఉన్నవాళ్ళకు ఇంత కంగారు లేదు, రెండు గంటల లెక్క మాత్రం వాళ్ళకూ అదే.

ప్లాస్టిక్ గుడ్డులో చాక్లెట్ పెడితే కరుగుతుంది, 34 డిగ్రీల దగ్గరే కోకో వెన్న నీరైపోతుంది. స్టిక్కర్లు, రబ్బరు బ్యాండ్లు, గాజులు, చిన్న బొమ్మ కార్లు, "ఒక కథ చెప్పించుకోవచ్చు" లాంటి చీటీలు మేలు. నాలుగేళ్ళలోపు పిల్ల ఉంది కాబట్టి వేరుశెనగలు, గట్టి బిళ్ళలు, జెల్లీలు, చిన్న అయస్కాంతాలు, బొత్తాం బ్యాటరీతో వెలిగే బొమ్మలు, ఊదని బుడగలు ఏవీ వద్దు. గొంతులో అడ్డం పడేవి, మింగితే ప్రాణం మీదికి తెచ్చేవి అవే.

ఆట సాగాలంటే తలా ఒక రంగు కేటాయించండి. పాపకు పసుపు పది, బాబుకు నీలం పది. ఒకరి రంగు ఇంకొకరికి కనిపిస్తే నోరు మెదపకూడదు. రంగు కేటాయించకపోతే పెద్దాడు రెండు నిమిషాల్లో పదిహేను ఏరుకుంటాడు, చిన్నది ఏడుస్తుంది. పాపవి మోకాలి ఎత్తులో, సగం కనిపించేలా. బాబువి కాస్త పైన, చీటీ చదివి వెతికేలా. ఎక్కడ ఎన్ని దాచారో ఫోన్లో రాసుకోండి. పొయ్యి పక్కన, బాత్రూం బకెట్లో, సంపు దగ్గర, పిట్టగోడ మీద దాచొద్దు. వేళ సాయంత్రం అయిదున్నర తర్వాత. మధ్యాహ్నం మేడమీద గచ్చు కాళ్ళు కాలుస్తుంది.

సండే స్కూళ్ళలో ఆఖరి గుడ్డు ఖాళీగా ఉంచి, ఖాళీ సమాధి గురించి చెబుతారు. ఆలోచన బాగుంది, మూడేళ్ళ పిల్ల చేతికి ఇస్తే మాత్రం తనకు బహుమతి రాలేదనే అర్థమవుతుంది. ఆ గుడ్డు బాబుకు ఇవ్వండి, లేదా చివర అందరూ కూర్చున్నాక మీరే తెరవండి. పక్కింటి పిల్లలు ఏ మతంవాళ్ళయినా ఆటకు పిలవండి. కథ చెప్పాలనుకుంటే వాళ్ళ అమ్మానాన్నలకు ముందే ఒక మాట అనండి.

శనివారం సాయంత్రం నాలుగున్నరకు సమాధుల తోట. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు, తీసుకెళ్ళాలి కూడా. కానీ సమాధులకు సున్నం వేసేటప్పుడు కాదు. సున్నం చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడితే నలపనివ్వకుండా ఇరవై నిమిషాలు ధారగా నీళ్ళు పోసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. సున్నం, గడ్డి పీకడం ముందు రోజుల్లో పెద్దవాళ్ళు ముగించేయాలి. ఎండిన గడ్డిలో తేళ్ళు, పాములు ఉంటాయి, పిల్లలకు చెప్పులు కాదు, మూసి ఉండే బూట్లు వేయండి. వాళ్ళకు పని పూలది. బంతిపూల రేకులు విప్పి తాత సమాధి మీద సిలువ ఆకారంలో పేర్చమంటే అరగంట కదలరు.

కొవ్వొత్తుల దగ్గర మాత్రం కన్ను తిప్పొద్దు. మెరిసే నెట్ ఫ్రాకు నైలానుది, నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. శనివారం, ఆదివారం వేకువ రెండుసార్లూ నూలు బట్టలే వేయండి, కొత్త ఫ్రాకు భోజనాల వేళకు ఉంచండి. కొవ్వొత్తిని ఇసుక పోసిన డబ్బాలో నిలబెట్టండి, పిల్లల చేతికి బ్యాటరీ దీపం ఇవ్వండి. కాలితే ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళ కింద పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా, ఐసు వద్దు.

సమాధుల పలకల మీద "ప్రభువునందు నిద్రించెను" అని ఉంటుంది, చదవడం వచ్చిన బాబు అడుగుతాడు. చనిపోయారనే చెప్పండి. తాత నిద్రపోతున్నాడని చెబితే ఆ రాత్రి పడుకోవడానికే భయపడే పిల్లలున్నారు. ఊపిరి ఆగిపోయింది, ఒంటికి నొప్పి తెలియదు, దేవుని దగ్గర ఉన్నాడని మనం నమ్ముతాం, ఇంతవరకు చాలు.

మీరు కతోలికులైతే శనివారం రాత్రి పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి ఆరాధన) ఉంటుంది, అది చీకటి పడ్డాకే మొదలవుతుంది. బయట నిప్పు వెలిగించి, పాస్కా వత్తి (పెద్ద కొవ్వొత్తి) నుంచి అందరి కొవ్వొత్తులూ వెలిగించే దాకా పిల్లల్ని ఉంచి, పఠనాలు మొదలవగానే ఒకరు ఇంటికి తెచ్చేయండి. అప్పుడు వేకువ లేపొద్దు, ఆదివారం పొద్దున పూజకు తీసుకెళ్ళండి.

ఆదివారం వేకువకు శనివారమే సంచి సర్దాలి: నీళ్ళు, రెండు అరటిపండ్లు, బిస్కెట్లు, దోమల క్రీము, పలచటి దుప్పటి, పాపకు ఒక జత బట్టలు. పాపను లేపకుండా నిద్రలోనే ఎత్తుకెళ్ళండి, నూలు బట్టలు రాత్రే వేసి పడుకోబెడితే సరి. బాబును బయల్దేరడానికి పావుగంట ముందు లేపితే చాలు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో విజయవాడ, హైదరాబాద్ వైపు సూర్యోదయం ఆరు ప్రాంతంలో. నాలుగున్నర ఆరాధనకు అయిదుంబావుకు చేరినా తెల్లవారడం చూస్తారు, ఆలస్యమైందని సిగ్గుపడక్కర్లేదు. "క్రీస్తు లేచెను" అంటే "నిజముగా లేచెను" అని బదులివ్వడం ముందు వారమే ఇంట్లో ఆటలా నేర్పండి. ఆ ఒక్కటి గట్టిగా అరవడానికి అనుమతి ఉంటే చాలు, మిగతా సేపు కూర్చుంటారు.

భోజనం పిల్లలకు పదకొండున్నరకే, చుట్టాలు కూర్చోకముందు. నలభై రోజులు మాంసం మానిన ఇంట్లో మసాలా మటన్ బిర్యానీ ఒక్కసారిగా పెడితే రాత్రికి కడుపునొప్పి. పాపకు కుండలోంచి కారం తక్కువ ఉన్న అన్నం, పెరుగు, ముక్కలు చేసిన గుడ్డు పెట్టండి. గుడ్డు పచ్చసొన పొడిగా గొంతుకు అడ్డం పడుతుంది, పక్కన నీళ్ళు ఉంచండి.

సోమవారం మన దగ్గర సెలవు లేదు, బడి ఉంటుంది. ఒంటిపూట బడులైతే ఇంకా పెందరాళే లేవాలి. ఆదివారం గుడ్ల ఆట ఆరున్నరకు ఆపి, స్నానం చేయించి ఎనిమిదికే పడుకోబెట్టండి. మిగిలిన రంగు గుడ్లు ఫ్రిజ్‌లో పెంకుతో వారం దాకా ఉంటాయి, పగుళ్ళు పడినవి మొదట పులుసులో వేసేయండి. ఎవరైనా గంటలకొద్దీ బల్లమీద మరిచిపోయినవాటిని మాత్రం, ఎంత అందంగా ఉన్నా, పారేయండి.